కోళ్ళ ఎరువుకు మాడే మొక్క, రంపపు పొట్టుకు పాలిపోయే మొక్క

పచ్చి కోళ్ళ ఎరువు వేస్తే మొక్క మాడిపోయిందని, రంపపు పొట్టు బాగా కలిసిన గుర్రపు లద్దె వేస్తే ఆకులు పసుపుబారాయని, రెండూ ఎరువులే అయినప్పుడు ఫలితాలు ఎందుకు వేరయ్యాయని ఒక పాఠకుడు అడిగారు. పాఠాల్లో బట్టీ పట్టించే నత్రజని, భాస్వరం, పొటాషియం పట్టికలు దీనికి పూర్తి జవాబు చెప్పవు. కర్బనానికీ నత్రజనికీ మధ్య ఉన్న నిష్పత్తి చాలావరకు చెబుతుంది.

ఎరువును మొక్కకన్నా ముందు సూక్ష్మజీవులు తింటాయి. వాటి దేహంలో ఒక వంతు నత్రజనికి సుమారు 8 వంతుల కర్బనం ఉంటుంది. శక్తి కోసం అవి మరో 16 వంతులను ఖర్చుచేసి బొగ్గుపులుసు వాయువుగా వదులుతాయి. అంటే వాటికి సరిపడే ఆహారంలో నిష్పత్తి దాదాపు 24:1. కోళ్ళ ఎరువులో అది సుమారు 10:1 కనుక, 24 వంతుల కర్బనంతో పాటు 2.4 వంతుల నత్రజని వస్తుంది. సూక్ష్మజీవులు ఒక వంతు ఉంచుకొని మిగిలిన 1.4 వంతులను అమ్మోనియం (నీటిలో కరిగి ఉండే నత్రజని రూపం)గా నేలలోకి వదిలేస్తాయి. రంపపు పొట్టులో నిష్పత్తి 400:1 దాకా ఉండవచ్చు. ఆ 400 వంతులను అరిగించుకోవడానికి దాదాపు 17 వంతుల నత్రజని కావాలి, ఉన్నదేమో ఒక్క వంతు. లోటును సూక్ష్మజీవులు నేలలోంచి లాగేసుకుంటాయి. పొట్టులోని లిగ్నిన్ (చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం) త్వరగా లొంగదు కనుక ఈ లాగుడు నెలల తరబడి సాగి, ఆకులు పాలిపోతాయి.

మాడటానికి కోళ్ళ ఎరువులోని వేడే కారణమన్న నమ్మకం బలంగా ఉంది గాని, పలుచగా చల్లిన ఎరువు అంతగా వేడెక్కదు. పక్షులు నత్రజనిని ప్రధానంగా యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి. తడి తగిలితే సూక్ష్మజీవుల ఎంజైములు దాన్ని అంచెలంచెలుగా యూరియాగా, యూరియేజ్ అనే ఎంజైము ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. క్షారత పెరిగేకొద్దీ అమ్మోనియంలో ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి లేత వేళ్ళ కణాల్లోకి చొరబడుతుంది. ఎరువులోని లవణాలు వేళ్ళకు నీరందనీయక నష్టాన్ని పెంచుతాయి.

ఈ రెండు ఎరువులనూ నిష్పత్తి 25:1 నుంచి 30:1 మధ్య ఉండేలా కలిపి, తగిన తడితో కుప్ప పోస్తే అసలైన వేడి అక్కడ పుడుతుంది. కుప్పను తిరగేస్తూ అన్ని భాగాలూ కొన్ని రోజులపాటు 55 డిగ్రీలు దాటేలా చూస్తే సాల్మొనెల్లా, ఇ.కోలై వంటి రోగకారక బాక్టీరియా, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. అయితే పచ్చికమీద కొట్టే అమైనోపైరలిడ్ అనే కలుపు మందు జంతువు కడుపులోనూ కుప్పలోనూ నిలిచిపోగలదు. అందువల్ల ఎక్కడిదో తెలియని ఎరువును మాగిన తరువాత మట్టిలో కలిపి, కొన్ని చిక్కుడు గింజలు మొలిపించి, ఆకులు గిన్నెలా ముడుచుకోవడం లేదని తేలాకే తోటకు వేయాలి.