కణం దొరకని పైత్యరసంలో డీఎన్‌ఏ ఆనవాళ్లు

కామెర్లతో వచ్చిన రోగికి ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోప్ పంపి పైత్యనాళాన్ని చూసే పద్ధతి) చేసి, నాళంలో ఇరుకు కనబడితే క్యాన్సరేమో తేల్చడానికి బ్రష్‌తో గీకి, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ వేసి పంపుతారు. బ్రష్ ల్యాబ్‌కు వెళ్తుంది. నాళంలోంచి లాగిన పైత్యరసం చాలాసార్లు పారబోతకే. ఆ రసాన్ని మొదటిసారే జన్యు పరీక్షకు పంపాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. దాని మలుపు 2020లో ఉంది.

అంతవరకూ అందరూ వెతికింది కణం కోసం. పైత్య లవణాలు సబ్బులా పనిచేసి, రాలిన కణాలను గంటల్లో పాడుచేస్తాయి. గట్టి పీచు కణజాలం మధ్య క్యాన్సర్ కణాలు పలచగా ఉంటాయి. క్లోమం తలలోని గడ్డయితే నాళాన్ని బయటి నుంచి నొక్కుతుంది, బ్రష్‌కు అందదు. అందుకే బ్రష్ సైటాలజీ (గీకిన కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) సగానికి సగం క్యాన్సర్లను వదిలేస్తోంది. రక్తంలో క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 కూడా నమ్మదగ్గ తోడు కాదు: నాళం మూసుకుపోయినా అది పెరుగుతుంది.

2020లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ బృందం 252 మంది రోగుల బ్రష్, బయాప్సీ నమూనాల్లో 28 జన్యువులను చదివింది. మైక్రోస్కోప్ 48 శాతం క్యాన్సర్లను పట్టగా, జన్యు పరీక్ష 73 శాతం పట్టింది. రెండూ కలిస్తే 83. నాళాలు ఏళ్ల తరబడి వాచి గట్టిపడే పీఎస్‌సీ రోగుల్లో తేడా మరీ పెద్దది: 8 శాతం నుంచి 83కి. ఆ తర్వాత స్పెయిన్‌లోని నవార్రా బృందం నేరుగా పైత్యరసంలో తేలే డీఎన్‌ఏనే చదివింది. మామూలు ఇరుకనుకున్న కొందరిలో అది చూపిన మార్పులు తర్వాత క్యాన్సర్‌గా తేలాయి. కణం పగిలితే సైటాలజీకి నష్టం, ఈ పరీక్షకు ముడిసరుకు.

జాగ్రత్త పడమనేవాళ్ల మాటలోనూ నిజముంది. క్యాన్సర్‌కు గుర్తుగా చూసే కేరాస్ జన్యువులో మార్పు దీర్ఘకాలిక క్లోమం వాపులోనూ కనబడొచ్చు. మార్పేదీ దొరకలేదంటే క్యాన్సర్ లేదని కాదు. క్లోమంలో గడ్డ స్పష్టంగా కనిపిస్తే ఈయూఎస్ (ఎండోస్కోప్ చివరి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ) గుచ్చి నమూనా తీసే సూదే మేలు.

కానీ కాలేయం ముఖద్వారం దగ్గరి ఇరుకులో ఆ సూది ప్రమాదం. కణాలు దారిపొడవునా చిందే భయంతో, గడ్డకు సూది గుచ్చినవాళ్లను మేయో క్లినిక్ పద్ధతిలో కాలేయ మార్పిడికి తీసుకోరు. పైత్యరసం విలువ అక్కడే తెలుస్తుంది.

తీసే వరుస తప్పితే ఇదంతా వృథా. నాళంలోకి చేరగానే, ఎక్స్‌రేలో నాళం కనబడేందుకు వాడే మందు (కాంట్రాస్ట్) ఎక్కించకముందే 5 నుంచి 10 మి.లీ. లాగాలి, కాంట్రాస్ట్ కలిస్తే పలచబడుతుంది. ఐస్‌లో పెట్టి వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి వేరుచేయాలి: పైన తేలింది డీఎన్‌ఏకి, అడుగున మిగిలింది సైటాలజీకి. బ్రష్‌ను తొడుగులోంచి విడిగా లాగితే కణాలు లోపలే రాలిపోతాయి, రెండూ కలిపే బయటికి తీయాలి. స్టెంట్ పడ్డాక వాపు వల్ల మామూలు కణాలూ అనుమానంగా కనబడతాయి. మళ్లీ ఈఆర్‌సీపీ చేద్దామంటే క్లోమం వాపు ముప్పు ఇంకోసారి మీద పడుతుంది. చక్కటి నమూనా దొరికేది మొదటిసారే.