మా ప్రాజెక్టులో ఎగుమతి ఏముందండీ?

విశాఖలో సముద్ర పరిశోధన చేసేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట: "పోర్టు నుంచి మేం పంపేదేం లేదు, పేపర్లు రాసుకుంటున్నాం. మాకెందుకు స్కోమెట్?" (స్కోమెట్ అంటే సైనిక అవసరాలకూ పనికొచ్చే వస్తువులు, సాఫ్ట్‌వేర్, టెక్నాలజీల జాబితా; వీటి ఎగుమతికి ప్రభుత్వ అనుమతి కావాలి.)

అన్నింట్లోకీ ఖరీదైన అపోహ ఇదే. 1992 విదేశీ వాణిజ్య చట్టానికి 2010లో చేసిన సవరణతో టెక్నాలజీ ఇవ్వడమూ ఎగుమతి కిందికే వచ్చింది. విదేశీ సహరచయితకు డ్రాయింగ్ మెయిల్ చేసినా, డ్రైవ్ ఫోల్డర్ తెరిచి ఇచ్చినా అంతే.

"ఎలాగూ పబ్లిష్ చేసేదేగా!" అచ్చయినది పబ్లిక్ డొమైన్, అచ్చు కాబోయేది కాదు. పైగా పేపర్లో ఉండేది గ్రాఫు. అవతలివాళ్లు అడిగేది ప్రీ-యాంప్లిఫయర్ సర్క్యూట్, పాటింగ్ కాంపౌండు (లోపలి భాగాలు తడవకుండా పోసే పదార్థం), అది గట్టిపడటానికి ఎన్ని గంటలు క్యూరింగ్ పెట్టారన్నది. చిక్కంతా అక్కడే.

హైడ్రోఫోన్‌నే, అంటే నీటిలోని శబ్దాలు పట్టే మైకునే తీసుకోండి. డాల్ఫిన్ల ఈలలు రికార్డు చేయడానికే అంటే కుదరదు, జాబితా చూసేది డేటాషీట్‌ని. యాక్సిలరేషన్ కాంపెన్సేషన్ (కుదుపుల వల్ల వచ్చే తప్పుడు సిగ్నల్‌ను సరిచేసే ఏర్పాటు) లేని హైడ్రోఫోన్ సెన్సిటివిటీ మైనస్ 180 డెసిబెల్స్ కన్నా మెరుగైతే నియంత్రణలోకి వస్తుంది. మైనస్ 170 చూసి "180 కన్నా తక్కువే" అనుకుని ఫైలు మూసేస్తారు. గుర్తు మైనస్ కాబట్టి 170 అంటేనే మెరుగు! ఇంకో పొరపాటు, జాబితాలో వస్తువు వరుస 8ఏ6 ఒక్కటే చూడటం. సాఫ్ట్‌వేర్‌కి 8డీ6, టెక్నాలజీకి 8ఈ6 విడిగా ఉన్నాయి. వస్తువు ఇక్కడే ఉండి, డిజైన్ మాత్రం బయటికెళ్లే ప్రాజెక్టులే ఎక్కువ.

పీహెచ్‌డీ పిల్లలు భయపడక్కర్లేదు. ఉప్పుశాతం రీడింగులు, చేపల శాంపిళ్ల లెక్కలు ఈ జాబితా సంగతి కాదు. మౌలిక పరిశోధనకూ మినహాయింపు ఉంది. "విదేశీయుడితో మాట్లాడితేనే కేసు" అన్న వాట్సాప్ పుకారును పట్టించుకోకండి.

మిగతావి గబగబా. జాబితాలో లేకున్నా, సామూహిక విధ్వంసక ఆయుధాలకు వాడతారని తెలిస్తే 2005 చట్టం అడ్డొస్తుంది. రిపేరు కోసం తయారీదారుకు తిప్పి పంపినా ఎగుమతే. అమెరికా పరికరమైతే వాళ్ల నిబంధనలు వేరే, మన అనుమతితో అవి తీరవు.

అనుమానముంటే పంపకముందే డేటాషీట్ పక్కన జాబితా పెట్టుకుని, ఏ పారామీటర్ ఎంతుందో అరపేజీ నోటు రాసి సంతకం చేసి ఫైల్లో పెట్టండి. లైసెన్సు కావాలంటే దరఖాస్తు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) పోర్టల్లోనే. నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది, ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. ఎండ్ యూజర్ సర్టిఫికెట్‌లో (వస్తువును చివరికి వాడేవాళ్లు ఇచ్చే ధ్రువపత్రం) వస్తువు పేరు, చిరునామా పర్చేజ్ ఆర్డర్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి.