స్కేలు సరే అన్నా కన్ను ఒప్పుకోదు

గ్రాఫిక్ డిజైన్ కొత్తగా నేర్చుకుంటున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "వీడియోలకి ఉండే ప్లే గుర్తు గీస్తున్నానండీ. గుండ్రం గీసి, లోపల త్రిభుజం పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో సెంటర్ బటన్ నొక్కాను. కొలిస్తే సరిగ్గా మధ్యలోనే ఉంది. చూస్తే మాత్రం ఎడమవైపుకి జరిగినట్టుంది. నా కళ్లలో ఏమైనా లోపమా?"

మీ కళ్లు భేషుగ్గా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కొలిచే మధ్య వేరు, కన్ను వెతికే మధ్య వేరు. ఈ తేడా అంటే నాకు ఎంత సరదా అంటే, రంగుల చక్రం, ఫాంట్ల రకాలు, మార్జిన్లు లాంటి మొదటి పాఠాలన్నీ ఏ ట్యుటోరియల్‌లోనైనా దొరుకుతాయి లెమ్మని వదిలేసి నేరుగా దీని మీదే పడుతున్నాను.

సెంటర్ బటన్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ త్రిభుజం చుట్టూ పైకి కనపడని ఒక పెట్టె ఊహించుకుంటుంది. ఆ పెట్టె మధ్యబిందువుని తీసుకెళ్లి గుండ్రం మధ్యబిందువు మీద పెడుతుంది. పెట్టెలో ఏ పక్క ఎంత నిండి ఉందన్నది దానికి అక్కర్లేదు. కానీ కుడివైపు ముక్కు దగ్గర దాదాపు అంతా ఖాళీ. సరుకంతా ఎడమవైపే పోగుపడి ఉంది.

ఒక అట్టముక్కని త్రిభుజంగా కత్తిరించి పెన్సిలు మొన మీద నిలబెట్టి చూడండి. పడకుండా నిలిచే చోటు ఒక్కటే దొరుకుతుంది. అదే గురుత్వ కేంద్రం, స్కూల్లో చదువుకున్న మధ్యగత రేఖలు కలిసే చోటు. అది నిలువు భుజం నుంచి వెడల్పులో మూడోవంతు దూరంలో ఉంటుంది. పెట్టె మధ్యబిందువేమో సగం దూరంలో ఉంటుంది. సగంలోంచి మూడోవంతు తీసేస్తే మిగిలేది ఆరోవంతు. మీ త్రిభుజం వెడల్పు ఎంతో చూసుకుని అందులో ఆరోవంతు కుడికి జరపండి. కన్ను గొణగడం మానేస్తుంది.

నమ్మకం కుదరకపోతే అంకెలు వేసి చూద్దాం. గుండ్రం వ్యాసార్థం 12 పిక్సెళ్లు. లోపలిది సమబాహు త్రిభుజం, నిలువు భుజం నుంచి ముక్కు దాకా దాని వెడల్పు కూడా 12. సాఫ్ట్‌వేర్ పెట్టిన చోట ఉంచితే ఎడమవైపు రెండు మూలలూ కేంద్రం నుంచి 9.17 పిక్సెళ్ల దూరంలో ఉంటాయి, కుడి ముక్కు 6 దూరంలోనే ఆగిపోతుంది. అంటే ఎడమ మూలలకీ గుండ్రం అంచుకీ మధ్య 3 పిక్సెళ్ల జాగా కూడా లేదు, ముక్కు ముందు మాత్రం 6 ఉంది. ఇప్పుడు 12లో ఆరోవంతు, అంటే 2 పిక్సెళ్లు కుడికి జరపండి. మూడు మూలలూ కేంద్రం నుంచి సరిగ్గా 8 దూరంలోకి వస్తాయి, అంచు దాకా మూడు పక్కలా 4 మిగులుతుంది. సమబాహు త్రిభుజానికి గురుత్వ కేంద్రమూ, మూడు మూలల్నీ తాకే వృత్తం కేంద్రమూ ఒకటే కావడం వల్ల ఈ లెక్క ఇంత ముద్దుగా కుదిరింది. ముక్కు పొడుగ్గా సాగిన త్రిభుజానికి ఆ రెండూ వేరువేరు చోట్ల పడతాయి. అక్కడ సూత్రం సగం దారి చూపిస్తుంది, మిగతాది కంటితో చూసుకుంటూ జరుపుకోవాలి. 16 పిక్సెళ్ల బుల్లి గుర్తుల్లో ఇంకో చిక్కు ఉంది. త్రిభుజం వెడల్పు 8 అయితే జరపాల్సింది 1.33 పిక్సెళ్లు. అంతే జరిపితే నిలువు అంచు ఒక పిక్సెల్ మధ్యలో పడి మసకబారుతుంది. అందుకని 1తో సరిపెట్టుకుంటారు.

కన్ను గురుత్వ కేంద్రాన్నే ఎందుకు పట్టుకుంటుంది? మన చూపు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జారుతూ వెళ్లదు, గెంతుతూ వెళ్తుంది. ఈ గెంతుల్ని శాకేడ్లు అంటారు. ఒక ఆకారం వైపు చూపు గెంతినప్పుడు అది వాలే చోటు సగటున ఆ ఆకారం గురుత్వ కేంద్రానికి దగ్గర్లోనే ఉంటుందని కంటి కదలికల్ని కొలిచిన ప్రయోగాల్లో తేలింది. మూలలు, మొనలు ఎక్కడున్నా సరే, పరుచుకున్న మేర మొత్తాన్నీ కలిపి సగటు తీసుకున్నట్టుగా చూపు వాలుతుంది. త్రిభుజం పక్కకి ఒరిగినట్టు అనిపించడంలో దీని వాటా పెద్దదే అని నా అభిప్రాయం.

కన్ను మేరని చూస్తుందని ఒకసారి ఒప్పుకుంటే ఇంకో ముడి కూడా విడిపోతుంది. ఒకే కొలతతో చతురస్రం, వృత్తం గీసి పక్కపక్కన పెడితే వృత్తం చిన్నదిగా కనిపిస్తుంది. కనిపించక ఏం చేస్తుంది? దాని వైశాల్యం చతురస్రంలో 78.5 శాతమే. గూగుల్ మెటీరియల్ డిజైన్ వాళ్లు 24 యూనిట్ల గడిలో గుర్తులు గీయడానికి ఇచ్చిన కొలతలు చూడండి: చతురస్రం భుజం 18, వృత్తం వ్యాసం 20, దీర్ఘచతురస్రం 16, 20. వైశాల్యాలు కడితే 324, 314, 320 వస్తాయి. దాదాపు సమానం! స్కేలు పెట్టి కొలిస్తే ఒకదానికొకటి పొంతన లేదు, వరుసగా పేర్చి చూస్తే మాత్రం అన్నీ ఒకే సైజు.

అక్షరాలు చెక్కేవాళ్లకి ఇది పాత సంగతే. సున్నా, ఒకటి పక్కపక్కన ఒకే ఎత్తులో కనపడాలంటే సున్నాని పైకీ కిందకీ కాస్త ఎక్కువ సాగదీయాలి. గుండ్రం గీతని ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి కన్ను దాన్ని పొట్టిగా లెక్కేస్తుంది. తెలుగు అక్షరాల్లో చాలావాటికి అడుగు గుండ్రమే గనక వాటిలో వాటికి పేచీ తక్కువ. చదునైన అడుగున్న ఇంగ్లిష్ అక్షరం పక్కన వచ్చి కూర్చున్నప్పుడే గొడవ. ఇక్కడే ఒక చిన్న పని చేయండి: ఈ 8ని తలకిందులు చేసి చూడండి. చాలా ఫాంట్లలో పై సున్నా చిన్నది, కింది సున్నా పెద్దది. నిటారుగా ఉన్నంతసేపూ అది బయటపడదు, ఎందుకంటే రెండూ సమానంగా గీస్తే పైది బరువుగా అనిపిస్తుంది.

డిజైన్ నేర్పేవాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఒకటి ఇక్కడ చెప్పేస్తాను. ఏ మెనూలో ఏ బటన్ ఉందో వారాల తరబడి చెప్తారు, కళ్లు సగం మూసి బొమ్మని మసకగా చూడమని ఒక్కసారైనా చెప్పరు. వివరాలు పోయి మేరలు మాత్రమే మిగిలితే ఎటు బరువుందో ఇట్టే తెలుస్తుంది. దానికి బదులు గోల్డెన్ రేషియో అనే మూఢనమ్మకం ఒకటి అంటగడతారు. 1.618 అనే నిష్పత్తిలో గీస్తే ఏదైనా అందంగా ఉంటుందట. పూర్తయిన లోగో మీద కావలసినన్ని వృత్తాలు గీసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఏ నిష్పత్తైనా దొరుకుతుంది. ముందు బాణం వేసి తర్వాత దాని చుట్టూ గురి గీసినట్టు!

వెలుతురు కూడా కొలతల్ని మారుస్తుంది. నల్లటి నేల మీద తెల్లటి ఆకారం, తెల్లటి నేల మీద అంతే ఉన్న నల్లటి ఆకారం కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. మామూలు కంటికి శుక్రుడు గురుగ్రహం కన్నా పెద్దగా కనపడుతున్నాడే, టెలిస్కోప్‌లో చూస్తే తిరగబడుతోందేమిటని గెలీలియో దీని గురించి ఆలోచించాడు. ఆయన కన్నా చాలా ముందే రోమన్ వాస్తుశిల్పి విట్రువియస్ గుడి మూలల్లో ఉండే స్తంభాల్ని యాభయ్యోవంతు లావుగా కట్టమన్నాడు. వెనక గోడ లేకుండా ఆకాశమే ఉండటం వల్ల అవి సన్నబడినట్టు కనిపిస్తాయని ఆయన లెక్క. ఫోన్లో డార్క్ మోడ్ పెట్టగానే అక్షరాలు కాస్త ఉబ్బినట్టు అనిపించేదీ ఇందుకే. అందుకే డార్క్ మోడ్ కోసం అక్షరాల మందం కొంచెం తగ్గించే డిజైనర్లు ఉన్నారు.

ఇంతవరకూ కన్ను మేరని బాగా కొలుస్తుందన్నట్టు మాట్లాడాను. దాదాపు సమానంగా ఉన్నవాటిని పోల్చడంలో అది దిట్ట. ఒకటి ఇంకోదానికి ఎన్ని రెట్లో చెప్పమంటే మాత్రం తడబడుతుంది. మనస్తత్వవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ ప్రతిపాదించిన నియమం ప్రకారం మనకి తోచే వైశాల్యం, అసలు వైశాల్యానికి సుమారు 0.7 ఘాతాంకంతో పెరుగుతుంది. రెట్టింపు చేస్తే కన్ను 1.62 రెట్లే అంటుంది. (గోల్డెన్ రేషియో భక్తులు గంతులేయకండి, ఇది వట్టి కాకతాళీయం.) ఇప్పుడు జనాభా రెట్టింపైందని చూపించడానికి మనిషి బొమ్మని రెట్టింపు ఎత్తు గీశారనుకోండి. వెడల్పూ రెట్టింపవుతుంది, వైశాల్యం 4 రెట్లవుతుంది, కంటికి 2.6 రెట్లు తోస్తుంది. అసలు సంగతి 2 రెట్లే. ఎత్తు చూడాలా, మేర చూడాలా అన్నది చూసేవాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ ఉచ్చులో పడకుండా దారి వేసినవాళ్లు 1920లలో వియన్నాలో ఉన్నారు. 1925లో మొదలైన సామాజిక, ఆర్థిక మ్యూజియంలో దాని వ్యవస్థాపకుడు ఓటో న్యూరాత్ పెట్టుకున్న నియమం చాలా సాదాసీదాది: ఎక్కువని చూపించాలంటే గుర్తుని పెద్దది చేయకూడదు, అదే గుర్తుని ఎక్కువసార్లు పెట్టాలి. ఒక్కో మనిషి బొమ్మ లక్ష మందికి గుర్తనుకుంటే ఆరు లక్షలకి ఆరు బొమ్మలు వరుసగా నిలబడతాయి. ఇక వైశాల్యంతో పని లేదు. వరుస పొడుగు చూస్తే చాలు, పొడుగు విషయంలో స్టీవెన్స్ ఘాతాంకం దాదాపు 1. గెర్డ్ ఆర్న్‌ట్జ్ ఆ గుర్తుల్ని గీసేవాడు. అంకెల్లోంచి ఏది చూపించాలో, ఎలా అమర్చాలో తేల్చే పని తర్వాత మేరీ న్యూరాత్ అయిన మేరీ రైడెమైస్టర్‌ది. నా లెక్కలో అసలు డిజైన్ అదే. ఈ పద్ధతికే తర్వాత ఐసోటైప్ అని పేరొచ్చింది.

దీనికీ హద్దుంది. 3ని, 3,000ని ఒకే పటంలో చూపించాలంటే వరుసలో వెయ్యి రెట్లు బొమ్మలు కావాలి. అంత కాగితం ఎక్కడిది? అక్కడ మళ్లీ వృత్తాల వైశాల్యాన్నే నమ్ముకుని, పక్కన అంకె కూడా రాసేస్తారు.