టైసన్ గొంతులో నాలుగో ఘాతం

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "రెండు నెలల క్రితం ఐదేళ్ల బుల్‌డాగ్‌ని దత్తత తెచ్చుకున్నాం. పేరు టైసన్. పిల్లల దగ్గర బంగారంలా ఉంటాడు. గోళ్లు తీయబోయినా, మొహం ముడతలు తుడవబోయినా మాత్రం గుర్రుమంటాడు. ఈ జాతే మొండిదట, గట్టిగా పట్టుకుని పని కానిచ్చేయాలట. నిజమేనా?"

నిజం కాదు. ఆ మాట ఉత్తరంలో రాసి ఊరుకోలేక మొన్న ఆదివారం వాళ్లింటికే వెళ్లాను.

వాళ్లాయన టైసన్‌ని మోకాళ్ల మధ్య ఇరికించి, ఒక చెయ్యి మెడ చుట్టూ వేసి పట్టుకున్నారు. ఆవిడ గోళ్ల కట్టర్ తీశారు. నేను గోళ్ల వంక చూడలేదు, ఊపిరి విన్నాను. అప్పటిదాకా తాతగారి మధ్యాహ్నపు గురకలా ఉన్న చప్పుడు క్షణంలో రంపపు కోతలా మారింది. నాలుక అంచున గులాబీ రంగు పోయి ఊదా తిరుగుతోంది. "వదిలేయండి, వదిలేయండి" అన్నాను. వదలగానే గచ్చు మీద నాలుగు కాళ్లూ చాపి బోర్లా పడ్డాడు. ఆ రంపం ఆగడానికి మూడు నిమిషాలు పట్టింది. వాడికి ఊపిరి ఆడలేదు, అంతే. ఊపిరి ఆడనివాడు పెనుగులాడకుండా ఎలా ఉంటాడు?

ఈసారి బందరు రోడ్డులో బోండాం తాగేటప్పుడు ఒక ప్రయోగం చేయండి. 2022 జులైలో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించాక కాగితం స్ట్రాలు వచ్చాయి కదా, దానితోనే. మెల్లగా పీలిస్తే నీళ్లు హాయిగా వస్తాయి. ఆత్రంగా పీలిస్తే స్ట్రా మధ్యలో నొక్కుకుపోయి చుక్క కూడా రాదు. గట్టిగా లాగేకొద్దీ గొట్టం లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి ఒత్తిడి గోడల్ని లోపలికి తోసేస్తుంది. స్ట్రా నానిందంటే ఇంకా తొందరగా మూసుకుపోతుంది.

బుల్‌డాగ్ గొంతు నానిన కాగితం స్ట్రా. తరతరాలుగా పొట్టి మూతి కోసం ఏరి ఏరి పెంచడంతో పుర్రె ఎముక కురచైంది. లోపలి మెత్తటి కండ మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. మూడు గదుల ఇంటి సామాను ఒక్క గదిలో కుక్కినట్టు నాలుక, మెత్తటి అంగిలి, ముక్కు లోపలి పొరలు అన్నీ అక్కడే ఇరుక్కున్నాయి. ముక్కు రంధ్రాలు చాలా కుక్కల్లో సన్నటి చీలికల్లా ఉంటాయి. కొన్నిటికి శ్వాసనాళమే ఇరుకు.

ఇప్పుడు నాకు ఎప్పటికీ విసుగు పుట్టని లెక్క. గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహానికి అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. వ్యాసార్ధం నాలుగో ఘాతానికి, అంటే దాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేదానికి, విలోమంగా అడ్డు మారుతుంది. మన ఇంజినీరింగు పిల్లలు ఈ సూత్రాన్ని గడగడా అప్పజెప్పేస్తారు. రక్తం సన్నటి నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలని ప్వాజెయ్ అనే ఫ్రెంచి వైద్యుడు గాజు గొట్టాల్లో నీళ్లు పంపి, కొలిచి, 1840 ప్రాంతంలో దీన్ని బయటపెట్టాడని మాత్రం వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. ఆ ఒక్క ముక్క చెబితే సూత్రానికి ప్రాణం వచ్చేది.

3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న దారి అనుకోండి. గోడ అర మిల్లీమీటరు వాచింది. 3ని 2.5తో భాగిస్తే 1.2. దాని నాలుగో ఘాతం 2.07. అర మిల్లీమీటరు వాపుకే అడ్డు రెట్టింపైపోయింది! పైగా ఈ సూత్రం నిదానంగా, పొరలు పొరలుగా సాగే ప్రవాహానికి. టైసన్ గొంతులో గాలి సుడులు తిరుగుతుంది, మనకు వినిపించే గరగర అదే. సుడులు పడితే అడ్డు ఇంకా పెరుగుతుంది. పెనుగులాడితే గట్టిగా పీలుస్తాడు. పీలిస్తే గోడలు నొక్కుకుని, ఒరుసుకుని, వాస్తాయి. వాస్తే దారి ఇరుకవుతుంది, ఇరుకైతే ఇంకా గట్టిగా పీల్చాలి. మెడ చుట్టూ వేసిన చెయ్యి ఈ చక్రాన్ని తిప్పి వదులుతుంది.

దీనికి మన ఎండ తోడు. కుక్కకు చెమట అరికాళ్లలోనే, అదీ కొద్దిగా. అసలు చల్లదనం ముక్కులో, నాలుక మీద తడి ఆరడం వల్ల వస్తుంది, అచ్చం కూజాలాగే. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలు. మే నెలలో బెజవాడ గాలి 40 దాటాక తడి ఆరడమొక్కటే దిక్కు. కృష్ణ ఒడ్డున ఉక్కపోస్తే అదీ సరిగా ఆరదు. ఇరుకు గొంతుతో వగర్చడమే కండరాలకు శ్రమ, ఆ శ్రమ మళ్లీ వేడి. అందుకే గోళ్ల పని తెల్లవారుజామున ఫ్యాను కింద పెట్టుకోమన్నాను. ఎప్పుడైనా వగర్పు ఆగక తూలితే, ముందు ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి ఫ్యాను పెట్టాలి, తర్వాతే డాక్టరు దగ్గరికి పరుగు.

టైసన్ మెడకు పక్కింటివాళ్లు కట్టిన నల్లటి దిష్టి తాడు బిగుసుకుని ఉంది. నా చేత్తోనే విప్పాను. ప్రేమతో కట్టిందే, కానీ ఈ గొంతు మీద ఏ బిగువూ ఉండకూడదు. గొలుసు కూడా మెడపట్టీకి కాకుండా ఛాతీ పట్టీకి తగిలించాలి.

మరి గోళ్లు ఎలా? పట్టుకోకుండానే. నిలబడ్డవాడిని అలాగే నిలబడనిచ్చి, కట్టర్ చూపించి వెంటనే ఉడికించిన చికెన్ ముక్క పెట్టాలి. వరస ముఖ్యం, ముందు కట్టర్, తర్వాత చికెన్. తారుమారైతే చికెన్ చూసినా భయపడడం నేర్చుకుంటాడు. కొన్నాళ్లకు అరచేతిలో గడ్డం ఆనించడం నేర్పాలి. గడ్డం ఆనిస్తే పని సాగుతుంది, ఎత్తేస్తే మన చెయ్యి ఆగుతుంది. ఆపే వీలు తన దగ్గరుందని తెలిసిన కుక్క పెనుగులాడదు, చక్రం మొదలే కాదు. ముందు కాళ్లకు పది, వెనక ఎనిమిది, మొత్తం 18 గోళ్లు. రోజుకొకటి చాలు. నల్ల గోరైతే పలచగా చెక్కుతూ పోయి, కోసినచోట నడుమ చుక్క కనబడగానే ఆపాలి, ఆ పైన రక్తనాళం.

గుర్రుమంటే కసరకండి. అది హెచ్చరిక. దాన్ని నోరు నొక్కేస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తాడు. ముఖ్యంగా ముడతల దగ్గర. టైసన్ ముక్కు మీది ముడత వేలితో విప్పితే లోపల ఎర్రగా, తడిగా, పులిసిన పిండి వాసన. గాలి తగలని తడిలో ఈస్టు, బాక్టీరియా పెరిగి చర్మం ఒరిసింది. మంట పుడుతుంటే ఎవరు తుడవనిస్తారు? ఆవిడ అందులో పసుపు ముద్ద పెడుతున్నారు. ఆ ముద్దే తడిని పట్టి ఉంచుతోంది. పౌడరూ అంతే, ఉండకడుతుంది. ముందు డాక్టరుకు చూపించి పుండు మాననివ్వాలి. దగ్గర్లోనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ముక్కు రంధ్రాలు, అంగిలి కూడా చూడమనండి, మరీ ఇరుకైతే ఆపరేషన్‌తో వెడల్పు చేస్తారు. మానాక రోజూ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి.

ఉత్తరంలో తోక సంగతి లేదు. అడిగితే "తోకేముంది, బొడిపే కదా" అన్నారు. ఆ బొడిపె కింద వేలు పెట్టి చూడమన్నాను. వేలు మొదటి కణుపు దాకా దిగింది. ఐదేళ్లలో అక్కడ ఎవరూ తుడిచినట్టు లేదు. ఆవిడ మెత్తటి గుడ్డ తెచ్చారు, వాళ్లబ్బాయి చికెన్ గిన్నె పట్టుకున్నాడు. టైసన్ నిలబడే ఉన్నాడు, మెడ మీద ఎవరి చెయ్యీ లేదు.