సూది ఎవరి చేతిలో ఉండాలి?

ఒంట్లో సన్నని సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం ఆక్యుపంక్చర్. అది చేసే మనిషి ఏం చదివి ఉండాలన్న ప్రశ్నకు దేశానికో జవాబుంది. దక్షిణ కొరియాలో ఆరేళ్ల సంప్రదాయ వైద్య డిగ్రీ పూర్తిచేసి జాతీయ పరీక్ష గట్టెక్కాలి. జపాన్‌లో కనీసం మూడేళ్ల వృత్తివిద్య, ఆపైన లైసెన్సు పరీక్ష. అమెరికాలో మాస్టర్స్ స్థాయి చదువు చదివిన ఆక్యుపంక్చరిస్టులు ఒక పక్క ఉంటే, మామూలు వైద్య డిగ్రీకి కొన్ని వందల గంటల శిక్షణ జోడించుకుని సూదులు వేసే డాక్టర్లు ఇంకో పక్క ఉన్నారు. ఒకరి అర్హతను ఇంకొకరు ఒప్పుకోరు. ఈ వైద్యం ఏ జబ్బుకు ఎంత పనిచేస్తుందన్నది వేరే చర్చ, దాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు. అసలు ఈ సూది ఎవరెవరి చేతుల మీదుగా మనదాకా వచ్చిందో తెలిస్తే, అర్హతల తగువు ఇంత ముదరడానికి కారణం అర్థమవుతుంది.

వేల ఏళ్లుగా మహాపండితులు కాపాడుతూ వచ్చిన విద్య ఇదని చాలామంది నమ్ముతారు. పండితుల పాత్ర లేదనలేం. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం ప్రాంతంలో కూర్పు జరిగిందని భావించే చైనా వైద్యగ్రంథం 'హువాంగ్‌డి నైజింగ్' ఈ విద్యకు పునాది. చైనాను ఏలిన టాంగ్ వంశపు రాజుల వైద్యశాఖలో సూది వైద్యానికి విడిగా అధ్యాపకులు ఉండేవారు, దాన్ని నేర్చుకోవడానికి ఇరవైమంది విద్యార్థులు ఉండేవారు. ఆ తర్వాతి సాంగ్ వంశపు చక్రవర్తి కాలంలో, 1027లో ఆస్థాన వైద్యుడు వాంగ్ వెయ్‌యీ మనిషంత కంచు బొమ్మలు రెండు పోయించాడు. సూది గుచ్చాల్సిన చోటల్లా వాటికి సన్నని రంధ్రాలు. పరీక్ష రోజున బొమ్మకు పైన మైనం పూసి లోపల నీళ్లు నింపేవారట. విద్యార్థి సరైన చోట గుచ్చితే నీటిబొట్టు బయటికి వచ్చేది, గురి తప్పితే సూది దిగేదే కాదు.

అయితే అదే సాంగ్ కాలంలో 'రూ యీ' అనే పండిత వైద్యుల వర్గం పైకొచ్చింది. వీళ్లు కన్ఫ్యూషియన్ గ్రంథాలు చదివినవాళ్లు, చాలామంది ప్రభుత్వోద్యోగ పరీక్షల్లో నెగ్గలేక వైద్యంలోకి వచ్చినవాళ్లు. నాడి పట్టుకుని, ఆలోచించి, మూలికల యోగం రాసివ్వడం వాళ్ల పద్ధతి. రోగి ఒళ్లు తాకి సూది దించడం, నెత్తురు తీయడం, పుండు కోయడం చేతిపనివాళ్లకు తగినవని వాళ్ల లెక్క. కాలం గడిచేకొద్దీ సూది ఊరూరా గంట మోగిస్తూ తిరిగే సంచార వైద్యుల దగ్గరికి, గ్రామాల్లో వంశపారంపర్యంగా చేసేవాళ్ల దగ్గరికి దిగజారుతూ వచ్చింది. దిగజారడం అన్నమాట పండితుల దృష్టితో వాడాను. నా దృష్టిలో అది బతికి బట్టకట్టింది అక్కడే. 1757లో షూ దాచున్ అనే వైద్యుడు సూది విద్య సంప్రదాయం తెగిపోయిందని వాపోతూ రాశాడు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో ఆ విభాగాన్నే ఎత్తేశాడు. ప్రభువు ఒంటికి సూది గుచ్చడం, వాత పెట్టడం తగదన్నది ఆ ఆజ్ఞలో చెప్పిన కారణం.

కొరియా కథ ఇంకా కలచివేస్తుంది. అక్కడ జోసన్ రాజ్యంలో స్త్రీలు మగవైద్యుల చేత ఒళ్లు చూపించుకోవడానికి ఇష్టపడక ప్రాణాలు పోగొట్టుకునేవారు. అందుకని 1406లో ఆడవాళ్లకు వైద్యం నేర్పాలని నిర్ణయించారు. ఏ ఆడవాళ్లకు? పెద్దింటి పిల్లలను పంపరు గనక, ప్రభుత్వ బానిస కుటుంబాల్లోని బాలికలను ఎంపిక చేశారు. వాళ్లే 'ఉయ్‌న్యో'లు. నాడి చూడటం, సూది వేయడం నేర్చి రాణుల ప్రాణాలు కాపాడినవాళ్లు, అయినా హోదా మాత్రం అట్టడుగునే. యోన్‌సన్‌గున్ రాజు కాలంలో వాళ్లను విందుల్లో ఆటపాటలకూ పిలిపించారు. అలాంటి చోటి నుంచే జాంగ్‌గమ్ అనే స్త్రీ జుంగ్‌జాంగ్ రాజుకు నమ్మకమైన వైద్యురాలిగా ఎదిగింది. తన జబ్బు సంగతి వైద్యురాలికి తెలుసని ఆ రాజు అన్నట్టు ఆస్థాన దినచర్య గ్రంథాల్లోనే నమోదైంది.

జపాన్‌లో సూది అంధుల చేతికి వచ్చింది. 1610లో పుట్టిన సుగియామా వాయిచికి చిన్నతనంలోనే చూపు పోయింది. ఎదో నగరానికి (ఇప్పటి టోక్యో) వెళ్లి గురువు దగ్గర చేరితే, మందబుద్ధివని వెళ్లగొట్టారు. ఎనోషిమా ద్వీపంలో దీక్ష చేసి వస్తూ రాయి తట్టుకుని పడ్డాడని, అప్పుడు చేతికి తగిలిన చుట్టుకుపోయిన ఆకులో పైన్ చెట్టు సూదాకు ఉందని, అదే చూసి సూదిని సన్నని గొట్టంలోంచి దించే ఉపాయం తట్టిందని కథ. కథ ఎంత నిజమైనా, గొట్టం మాత్రం నిజం. చూపు లేనివాడు వేలితో తడిమి, నొప్పి పుట్టకుండా, గురి తప్పకుండా సూది దించడానికి కుదిరింది. ఇవాళ చూపున్నవాళ్లు కూడా ప్రపంచమంతటా వాడుతున్నది ఆ గొట్టాన్నే. అప్పట్లో జపాన్‌ను ఏలే సైనిక పాలకుణ్ణి షోగన్ అనేవారు; ఐదో షోగన్ త్సునాయోషికి ఆయన వైద్యం చేశాడు. ఏం కావాలో కోరుకోమంటే ఒక కన్ను ఇప్పించమన్నాడట, షోగన్ 'హితొత్సుమే' అనే చోట భూమి ఇచ్చాడట. ఆ పేరుకు ఒంటికన్ను అని అర్థం. సుగియామా అంధుల కోసం పాఠశాలలు పెట్టించాడు. అలా సూది, మర్దన రెండూ చూపులేనివాళ్ల బతుకుతెరువుగా స్థిరపడ్డాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఆధునిక వైద్యం ఈ చేతులన్నింటినీ అనుమానంగా చూసింది. 1929లో చైనా ప్రభుత్వం ముందుకు పాతవైద్యాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. దాన్ని తెచ్చిన యు యున్‌షియు జపాన్‌లో పాశ్చాత్య వైద్యం చదివినవాడు. మార్చి 17న షాంఘైలో దేశీయ వైద్యులు పెద్ద సభ పెట్టి ఎదురు నిలిచారు. చెంగ్ డాన్‌ఆన్ ఆ తరంవాడే. తండ్రి దగ్గర దేశీయ వైద్యం నేర్చి, పాశ్చాత్య వైద్యమూ చదివి, 1930లలో జపాన్ వెళ్లి అక్కడి పాఠశాలలు చూసొచ్చాడు. సూది స్థానాలను శరీర నిర్మాణ శాస్త్రంతో సరిపోల్చి మళ్లీ గుర్తించాడు. ప్రాచీనమని మనం అనుకునే ఆక్యుపంక్చర్‌లో చాలాభాగం ఆయన దిద్దిన రూపమే. ఆ తర్వాత కమ్యూనిస్టు సైన్యంలో పాశ్చాత్య వైద్యం చేసే జు లియాన్ కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌లో సూది నేర్చుకుని, 1951లో 'నూతన ఆక్యుపంక్చర్' పుస్తకం రాసింది. 1956లో బీజింగ్, షాంఘై, గువాంగ్‌జౌ, చెంగ్‌డూలలో సంప్రదాయ వైద్య కళాశాలలు పుట్టాయి. పట్టా ఉన్న ఆక్యుపంక్చర్ వైద్యుడు అక్కణ్ణుంచి మొదలు. ఆ తర్వాత 1968 నుంచి కొన్ని నెలల శిక్షణతో లక్షలాది పల్లె యువత 'చెప్పుల్లేని వైద్యులు'గా సూదులు పట్టారు.

సముద్రాలు దాటినప్పుడూ ఇదే వరస. ఫ్రాన్స్‌లో ఈ విద్యకు పేరు తెచ్చిన సూలియే ద మోరాఁ వైద్యుడు కాడు, చైనాలో పనిచేసిన దౌత్యోద్యోగి. 1971 జులైలో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత తనకు సూదులు వేశారని రాశాక అమెరికాలో ఆసక్తి రేగింది. చైనాలో నర్సుగా, మంత్రసానిగా శిక్షణ పొందిన మిరియమ్ లీ అప్పటికే కాలిఫోర్నియాలో వైద్యం చేస్తోంది. 1974లో లైసెన్సు లేదని ఆమెను అరెస్టు చేశారు. అప్పటికి అక్కడ అలాంటి లైసెన్సే లేదు. ఆమె రోగులు తరలివచ్చి అండగా నిలబడ్డారు, కొద్దికాలానికే ఆ రాష్ట్రం లైసెన్సు చట్టం చేసింది. న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రిలో నల్లజాతి, ప్యూర్టోరికన్ ఉద్యమకారులు మత్తుకు బానిసలైనవాళ్ల కోసం చెవికి సూదులు వేయడం నేర్చుకున్నారు. ఇవాళ ఎన్నో పునరావాస కేంద్రాల్లో వాడే ఐదు సూదుల పద్ధతికి మూలం అక్కడే ఉంది.

లైసెన్సు వద్దని నేననను. శుభ్రంగా లేని సూది, ఊపిరితిత్తి దాకా దిగిన సూది ప్రాణం మీదికి తెస్తాయి. శరీరం గురించి తెలియనివాడి చేతికి ఒళ్లు అప్పగించలేం. కానీ అర్హత నియమాలు రాసిన ప్రతిసారీ ఎవరు బయట మిగిలిపోయారో చూడాలి. 1947లో జపాన్‌ను పాలిస్తున్న మిత్రరాజ్యాల అధికారులు సూది వైద్యాన్ని నిషేధించబోయారు. అంధ వైద్యులు వీధుల్లోకి వచ్చి పోరాడితే, ఆ డిసెంబరులో లైసెన్సు చట్టం వచ్చి వృత్తి నిలిచింది. చైనాలో 2017 జులై నుంచి అమలైన చట్టం, కళాశాల ముఖం చూడకపోయినా గురుశిష్య పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకు దారి తెరిచింది: కనీసం ఇద్దరు వైద్యుల సిఫారసు, ఆపైన చేతిపనికి పరీక్ష. జపాన్‌లో మర్దన కోర్సుల్లో చూపున్నవారికి సీట్లు పెంచకుండా ప్రభుత్వం ఆపగలిగే నిబంధన 1964 నుంచి ఉంది. అది రాజ్యాంగానికి విరుద్ధమని ఒక విద్యాసంస్థ కోర్టుకెక్కితే, అంధుల జీవనోపాధి కోసం ఆ నిబంధన చెల్లుతుందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సూది వైద్యానికి అలాంటి రక్షణ లేదు.