మూగబోయిన ఎన్‌గ్రేవింగ్ మెషిన్‌ను సీఎన్‌సీ రూటర్‌గా మార్చుకోవడం

షీల్డుల మీద విజేతల పేర్లు, ఆఫీసు గదుల తలుపుల మీద నేమ్ ప్లేట్లు, లిఫ్టు బటన్ల పక్కన అంకెలు చెక్కడానికి ఒకప్పుడు పాంటోగ్రాఫ్ వాడేవారు. ఇత్తడి అచ్చు అక్షరాల గాడిలో ఒక చేతి మొనను నడిపిస్తే, రెండో చేతికి బిగించిన కట్టర్ అదే అక్షరాన్ని చిన్నదిగా ప్లేటు మీద చెక్కేది. 1980ల నుంచి గ్రావోగ్రాఫ్, న్యూ హెర్మిస్, డాల్‌గ్రెన్, రోలాండ్ వంటి కంపెనీల కంప్యూటర్ ఎన్‌గ్రేవింగ్ మెషిన్లు ఆ పనిని అందుకున్నాయి. ఆ తరం యంత్రాలలో చాలావాటికి తెలిసిన భాష హెచ్‌పీజీఎల్, అంటే హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ పెన్ ప్లాటర్ల కోసం రూపొందించిన ఆదేశాల వరుస. అందులో 'పీయూ' అంటే కలం పైకి, 'పీడీ' అంటే కలం కిందికి. ఆ ఆదేశాలు సీరియల్ పోర్టు గుండా రావాలి, వాటిని పంపే సాఫ్ట్‌వేర్ నడవాలంటే ఆ కాలపు కంప్యూటర్ ఉండాలి. ఆ కంప్యూటర్ పోయిన నాడే యంత్రం మూగబోతుంది. దాని స్క్రూలు, గైడ్ రైళ్లు, పోత పోసిన దిమ్మ చక్కగా ఉన్నా, చివరికి పాత సామాన్ల ధరకు తూకానికి పోతుంది. అలా పోనివ్వకుండా, దాని ఎలక్ట్రానిక్స్‌ను మాత్రం మార్చి సీఎన్‌సీ రూటర్‌గా, అంటే కంప్యూటర్ అంకెల ఆదేశాలతో చెక్క వంటివాటిని కోసే యంత్రంగా మార్చుకోవచ్చు.

ఇలాంటి యంత్రంలో అసలు విలువ ఇనుముదే గాని ఎలక్ట్రానిక్స్‌ది కాదని నా గట్టి అభిప్రాయం. 1952లో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాల అంకెలతో నడిచే తొలి మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించినప్పుడు, దాన్ని నడిపించడానికి వాక్యూమ్ ట్యూబులతో నిండిన పెద్ద బీరువా కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ పనిని 32 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉన్న ఏటీమెగా 328పీ చిప్పు చేస్తోంది. ఆర్డుయినో ఊనో అనే చిన్న నియంత్రణ బోర్డు మీద ఉండే ఈ చిప్పు కోసం సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో రాయడం మొదలుపెట్టిన గ్రబుల్ అనే ఉచిత ప్రోగ్రాం, జీ-కోడ్ వరుసలను, అంటే కట్టర్ ఎటు, ఎంత నడవాలో చెప్పే ఆదేశాలను చదివి మూడు అక్షాల మోటార్లకు సెకనుకు 30,000 వరకు అడుగుల సంకేతాలు పంపగలదు. ఏదైనా పాత కంప్యూటర్‌తోనే నడపదలచినవారికి లైనక్స్‌సీఎన్‌సీ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మెదడు ఇంత చౌకగా దొరుకుతున్నది గనుక, నిటారుగా గీరిన రైళ్ల జతను, నలగని స్క్రూను కొత్తగా కొనవలసి రాకపోవడమే ఈ మార్పిడిలో మిగిలే లాభం.

పాత బోర్డును తీసేశాక ముందుగా తేల్చవలసింది మోటార్ల తీగల సంగతి. ఆ కాలపు స్టెప్పర్ మోటార్లకు, అంటే ఒక్కో సంకేతానికి ఒక్కో అడుగు చొప్పున తిరిగే మోటార్లకు, తరచుగా ఆరు తీగలు ఉంటాయి. వాటి రంగులను నమ్మడం కంటే మల్టీమీటర్‌ను నమ్మడం మేలు. ఉదాహరణకు, ఏ రెండు తీగల మధ్య 4 ఓమ్‌లు కనిపించి, మూడో తీగతో చూసినప్పుడు రెండు వైపులా 2 ఓమ్‌ల చొప్పున వస్తాయో, ఆ మూడూ ఒకే చుట్టకు చెందినవి. మూడోది ఆ చుట్ట నడిమి నుంచి వచ్చిన తీగ. మీటరు లేనప్పుడు కూడా ఒక చక్కని దారి ఉంది. రెండు తీగల కొసలను కలిపి, ఇరుసును వేళ్లతో తిప్పి చూడాలి. అవి ఒకే చుట్టవైతే మోటారే చిన్న జనరేటర్‌గా మారి ఇరుసు గట్టిగా, కుదుపులతో తిరుగుతుంది, కాకపోతే తేలిగ్గా తిరుగుతుంది. నడిమి తీగను వదిలేసి రెండు కొసలను డ్రైవర్‌కు, అంటే మోటార్‌కు కరెంటు అందించే బోర్డుకు కలిపితే తక్కువ వేగంలో బలం పెరుగుతుంది, కాని చుట్ల సంఖ్య రెట్టింపు కావడంతో ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) నాలుగింతలై, వేగం పెరిగే కొద్దీ ఆ బలం తొందరగా జారిపోతుంది. కొసనూ నడిమినీ కలిపి సగం చుట్టనే వాడితే దీనికి తలకిందులుగా ఉంటుంది. అందుకే డ్రైవర్‌కు 12 వోల్టులు కాక, అది తట్టుకునే హద్దులో 24 నుంచి 36 వోల్టుల వరకు ఇవ్వడం మంచిది. మోటార్ మీద రాసిన వోల్టేజి చూసి భయపడనక్కరలేదు, ఎందుకంటే కరెంటు హద్దు దాటకుండా చూసే బాధ్యత డ్రైవర్‌ది. అయితే కరెంటు ఉన్నప్పుడు మోటార్ తీగను ఊడదీస్తే డ్రైవర్ క్షణంలో కాలిపోతుందన్న సంగతి మరవకూడదు.

తరువాతిది లెక్క. మోటార్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, స్క్రూ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది అనుకుందాం. అప్పుడు మిల్లీమీటరుకు 40 అడుగులు, అంటే ఒక్కో అడుగు 0.025 మిల్లీమీటర్లు. హెచ్‌పీజీఎల్‌లో కొలత ప్రమాణం కూడా సరిగ్గా ఇంతే. డ్రైవర్‌లో అడుగును ఎనిమిది భాగాలు చేస్తే మిల్లీమీటరుకు 320 సంకేతాలు అవుతాయి, గ్రబుల్‌కు చెప్పవలసిన అంకె అదే. ఈ చిన్న అడుగుల వల్ల మోటార్ నడక మెత్తబడి, అదురు తగ్గుతుంది. కాని వాటివల్ల ఖచ్చితత్వం కూడా ఎనిమిది రెట్లు పెరిగిందని అనుకుంటే పొరపాటే. పూర్తి అడుగుకు, అడుగుకు మధ్య మోటార్ పట్టు బలహీనంగా ఉంటుంది, కట్టర్ మీద భారం పడగానే అది ఆ మేరకు పక్కకు ఒరిగిపోతుంది.

అక్షరాలు చెక్కే యంత్రానికీ చెక్కను కోసే యంత్రానికీ అసలు తేడా తలకాయ దగ్గర బయటపడుతుంది. ఎన్‌గ్రేవింగ్ స్పిండిల్, అంటే కట్టర్‌ను పట్టుకుని తిప్పే ఇరుసు, నడిమి బోలుగా ఉంటుంది, సన్నని కట్టర్‌ను పైనుంచి దింపి బిగిస్తారు. దాని కింద ఒక నున్నని ముక్కు ఉంటుంది. స్ప్రింగు మీద తేలే తలకాయ బరువంతా ఆ ముక్కు ద్వారా ప్లేటు మీద ఆనుతుంది గనుక, ప్లేటు కొంచెం వంకరగా ఉన్నా ముక్కు కింద కట్టర్ ఎంత పొడుచుకొచ్చిందో అంత లోతే చెక్కబడుతుంది. యంత్రం నిలువు కొలతను పట్టించుకోనవసరం లేకుండా చేసిన గొప్ప ఏర్పాటు ఇది. రూటర్‌కు మాత్రం ఇదే అడ్డంకి, ఎందుకంటే తేలే తలను కట్టర్ పైకి నెట్టేస్తుంది. కాబట్టి ఆ తేలే భాగాన్ని బోల్టుతో కదలకుండా బిగించి, బెల్టుతో తిరిగే పాత స్పిండిల్ స్థానంలో ఈఆర్11 కోలెట్ (కట్టర్ కాడను బిగించి పట్టే పట్టు) ఉన్న 300 నుంచి 500 వాట్ల స్పిండిల్‌ను పెట్టాలి. అంతకంటే బరువైనది పెట్టాలన్న ఆశ కలగడం సహజమే, కాని ఆ బరువును ఎత్తి దించవలసింది కాగితం మందం లోతు చెక్కడానికి పెట్టిన చిన్న నిలువు మోటారేనని గుర్తుంచుకోవాలి.

నిలువు కదలిక కొన్ని మోడళ్లలో 40 మిల్లీమీటర్లకు మించదు. మందపాటి చెక్క పట్టాలని కొందరు తలకాయను మోసే వంతెన కాళ్ల కింద దిమ్మెలు పెట్టి పైకెత్తుతారు. ఈ పనిని నేను సమర్థించలేను. ఒక కొస బిగించి ఉన్న కడ్డీ పొడవు రెట్టింపయితే, అదే బలానికి అది ఎనిమిది రెట్లు ఎక్కువగా వంగుతుంది. అడ్డుకొలత సగమైతే వంపు పదహారు రెట్లవుతుంది. ఈ సూత్రం కోలెట్ నుంచి బయటికి వేలాడే కట్టర్‌కు ఎంత వర్తిస్తుందో, వంతెన కాళ్లకూ అంతే వర్తిస్తుంది. పలుచని పలకలతో సరిపెట్టుకుని, కట్టర్‌ను వీలైనంత పొట్టిగా బిగిస్తేనే ఆ పాత ఇనుము తన సత్తా చూపుతుంది.

స్క్రూకూ నట్టుకూ మధ్య మిగిలే ఖాళీని మెకానిక్‌లు ప్లే అంటారు. సూక్ష్మ కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్‌ను తలకు ఆనించి, కుడికి 1 మిల్లీమీటరు, మళ్లీ ఎడమకు 1 మిల్లీమీటరు నడిపితే ముల్లు ఎంత తక్కువగా వెనక్కి వస్తుందో అదే ప్లే. లైనక్స్‌సీఎన్‌సీలో దీన్ని అంకెతో సరిదిద్దవచ్చు, గ్రబుల్ మూల రూపంలో ఆ వసతి లేదు. అయితే సరిదిద్దిన అంకె కూడా కోత బలం ముందు నిలవదు. పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే కట్టర్ ముందుకు సాగుతున్నప్పుడు చెక్క దాని కుడి పక్కన ఉంటే, పళ్లు చెక్కను పట్టుకుని కట్టర్‌ను తామే ముందుకు లాగుతాయి. నట్టులో ఖాళీ ఉంటే తల ఒక్క ఉదుటున ఎగిరి, అంచు మీద గాటు పడుతుంది. అందుకని చెక్కను ఎడమ పక్కన ఉంచి కోయడం, కుదిరితే స్ప్రింగుతో ఎడబాపిన జంట నట్టు వేయడం మేలు.

కట్టర్ వేగాన్ని కూడా కళ్లతో కాక లెక్కతోనే నిర్ణయించాలి. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండు పళ్ల కట్టర్, ఒక్కో పంటికి 0.05 మిల్లీమీటర్ల చెక్క తీయాలంటే నిమిషానికి 1,000 మిల్లీమీటర్లు నడవాలి. జాగ్రత్త పేరుతో దీన్ని వందకు తగ్గిస్తే పళ్లు కోయడం మాని రుద్దడం మొదలుపెడతాయి. ఆ వేడికి యాక్రిలిక్ కరిగి కట్టర్‌కు అంటుకుంటుంది, చెక్క మాడుతుంది. భారం తగ్గించాలంటే లోతు తగ్గించాలి గాని నడకను కాదు.

రెండు అక్షాలు మూలమట్టంగా ఉన్నాయో లేదో చూడటానికి, పునాది గీసేటప్పుడు మేస్త్రీలు తాడుతో చూసే 3-4-5 లెక్కే చాలు. 300, 400 మిల్లీమీటర్ల భుజాలతో నాలుగు మూలల్లో రంధ్రాలు వేయించి కర్ణాలు కొలిస్తే రెండూ 500 రావాలి. వాటి మధ్య 1 మిల్లీమీటరు తేడా కనిపించిందంటే, 300 పొడవు భుజం సుమారు 0.6 మిల్లీమీటర్లు పక్కకు వాలినట్టు. అత్యవసర మీట ప్రోగ్రాంకు సంకేతం పంపేదిగా కాక, స్పిండిల్‌కు వెళ్లే కరెంటును నేరుగా తెంచేదిగా ఉండాలి. యంత్రం ఒళ్లంతటికీ ఎర్త్ ఉండాలి.

ఇలా తయారైన యంత్రానికి బాగా అచ్చొచ్చే పని సర్క్యూట్ బోర్డుల మీద రాగి పొరను గీసి వేరు చేయడం. ఆ పొర మందం మామూలుగా 0.035 మిల్లీమీటర్లే. 30 డిగ్రీల వీ ఆకారపు కట్టర్ అనుకున్నదానికంటే 0.1 మిల్లీమీటర్లు లోతుకు దిగితే గీత దాదాపు 0.05 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది, సన్నని రాగి దారులు చెరిగిపోవడానికి అది చాలు. బోర్డు అంత సమతలంగా ఎన్నడూ ఉండదు. కాబట్టి తీసి పక్కన పెట్టిన ముక్కునూ పాత స్పిండిల్‌నూ పారేయకుండా దాచుకుని, బోర్డులు చేసే రోజున వాటిని తిరిగి బిగించి, తేలే తల బోల్టును వదులు చేస్తే లోతు తనంతట తానే సరిపోతుంది. ముక్కు రాగిని గీరకుండా రజనును ఎప్పటికప్పుడు వ్యాక్యూమ్‌తో లాగేస్తుండాలి. ఆ రజనులో గాజు పోగుల పొడి ఉంటుంది గనుక, ముఖానికి మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు.