లావుగా ఉన్నా రిపోర్టులన్నీ నార్మల్: ఈ మాట వెనక కథ

"లావుగా ఉన్నా నాకు షుగర్ లేదు, బీపీ లేదు" అని ధీమాగా చెప్పేవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు. కానీ అది ఎంతకాలం నిలిచే నిజం అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మూలాలు 1947లో ఉన్నాయి. కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఒంట్లో ఎక్కడ చేరిందన్నది కూడా ముఖ్యమని ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వైద్యుడు జాన్ వాగ్ అప్పుడే చెప్పారు. బొజ్జ పెరిగినవాళ్లకు షుగర్, గుండెజబ్బు ఎక్కువ. కొవ్వు తుంటి, తొడల్లో ఉన్నవాళ్లకు ఆ ముప్పు తక్కువ. అయినా 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ బృందం ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూపే అంకెకు బీఎంఐ అని పేరు పెట్టాక, అందరి చూపూ ఆ ఒక్క అంకె మీదికే వెళ్లింది. కొవ్వు ఎక్కడుందో ఆ అంకె చెప్పదు.

2001లో అమెరికా వైద్యుడు ఈథన్ సిమ్స్ నేరుగా అడిగారు: ఊబకాయం ఉండి కూడా జీవక్రియలు సవ్యంగా ఉన్నవాళ్లు ఉంటారా? ఉంటారు. చర్మం కింద కొవ్వును దాచుకునే చోటు కొందరికి ఎక్కువ. అది నిండితే మిగిలింది కాలేయంలోకి, కండరాల్లోకి చేరుతుంది. ఇన్సులిన్ పని చెడేది అక్కడే. మన దక్షిణాసియావాళ్లకు ఈ చోటు త్వరగా నిండుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే సన్నగా కనిపించేవాళ్లకూ మన దగ్గర షుగర్ వస్తోంది. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదని 2009లో మన దేశ నిపుణులు హద్దు పెట్టిందీ ఇందుకే.

ధీమాను కదిలించింది మాత్రం 2018లో వచ్చిన ఫలితం. అమెరికాలో 90 వేలమందికి పైగా నర్సులను 30 ఏళ్లపాటు గమనించారు. మొదట్లో ఏ జబ్బూ లేని ఊబకాయుల్లో 84 శాతం మందికి 20 ఏళ్లలో షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లలో ఏదో ఒకటి వచ్చింది. బరువు సరిగ్గా ఉన్నవాళ్లలోనూ 68 శాతం మందికి అదే జరిగింది. ఈ రెండో అంకెను చాలామంది చెప్పకుండా వదిలేస్తారు, అది న్యాయం కాదు. అయితే అన్నేళ్లూ ఏ జబ్బూ రాని ఊబకాయులకు కూడా గుండెజబ్బు ముప్పు ఎక్కువగానే ఉంది.

2025 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ ఊబకాయాన్ని రెండుగా విడదీసింది: అవయవాలు దెబ్బతిన్న దశ, ఇంకా దెబ్బతినని దశ. రెండోదాన్ని జబ్బుగా లెక్కించలేదు. ఆ దశలో ఉన్నవాళ్లకు సలహా, క్రమం తప్పని పరీక్షలు అవసరమంది. ముప్పు ఎక్కువగా ఉంటేనే మందుల దాకా వెళ్లాలంది.